బల్లెం మొన మీద ఆపిల్

కరోనా ఏడాది, జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ దగ్గర ఒక చిన్న రైల్వే స్టేషన్‌లో మాస్కు పెట్టుకున్న ఒక తెల్లజుట్టు పెద్దాయన మనిషెత్తును మించిన బల్లెంతో నా పక్కకొచ్చి నిలబడ్డారు. దాని కొనకు గొడ్డలి, కొక్కెం కూడా ఉన్నాయి. "అమ్మో!" అని వెనక్కి గెంతాను.

"భయపడకమ్మా, మనవాళ్ళమే. పాతకాలపు సైనికుల వేషాలేసే ఫెస్ట్ క్యాన్సిలైందని ఇంటికి తీసుకెళ్తున్నా," అన్నారు తెలుగులో. "మొదట్లో ఇది రైతులు కర్రకి కట్టుకున్న కొడవలే. గుర్రమ్మీదోణ్ణి లాగడానికి కొక్కెం, కవచం పగలగొట్టడానికి గొడ్డలి తర్వాతొచ్చాయి."

"అయితే అంకుల్, ఇది మన మామిడికాయల దోటే!" అన్నాను.

ఆయన పకపకా నవ్వి, కంచె మీంచి వాలిన ఆపిల్ కొమ్మను కొక్కెంతో గుంజారు. రాలిన పండును బల్లెం మొనకు గుచ్చి, మీటరున్నర దూరం నుంచే నాకందించారు.

పాలప్యాకెట్టును కూడా సబ్బుతో కడిగే రోజులవి. నేను మాస్కు దించి, ఆ పండును అలాగే కొరికేశాను.