వదినా నేనూ బరంపురం వెళ్ళిన ఏడు

నన్ను కాలేజీకి పంపడానికి నాన్న ఒప్పుకున్నది నా మార్కులు చూసి కాదు, వదిన కూడా వెళ్తోందని. వదిన అంటే మా మేనమామ కూతురు, ఒకరినొకరం వదినా అనే పిలుచుకునేవాళ్ళం. నాకంటే కొన్ని నెలలే పెద్ద. వాళ్ళ ఇల్లు మా వీధిలోనే. మధ్యలో కొన్నాళ్ళు కొడల అనే ఒడియా ఊళ్ళో వాళ్ళ అమ్మమ్మగారింట్లో ఉండి చదివింది గానీ, మిగతా చదువంతా మా ఊరి తెలుగు బడిలో నా పక్కనే. నాకు జ్వరమొస్తే తనూ బడి మానేసేది. ఆడపిల్లలిద్దరూ ఒకే గదిలో ఒకరికొకరు తోడుంటారని మావయ్య హామీ ఇచ్చాక నాన్న ఇంకేమీ మాట్లాడలేదు. మా ఊరికి దగ్గరి స్టేషను గిరిసోలలో పాసింజరు ఎక్కి, చోటు లేక తలుపు దగ్గర మా ట్రంకు పెట్టె మీదే ఇద్దరం ఇరుక్కుని కూర్చుని బరంపురం చేరాం. హాస్టల్లో అడిగినట్టే ఒకే గది దొరికింది.

మాకు ఒడియా రాకపోవడమేమీ లేదు. మా వైపు, ఆంధ్రా ఒడిశా సరిహద్దులో, అది రానివాళ్ళు తక్కువ. కానీ నేను నేర్చుకున్నది మా పొలంలో కోతలకు వచ్చే కూలీల దగ్గరా, సంతలో కూరలమ్మే ఆడవాళ్ళ దగ్గరా. అందులో పెద్దా చిన్నా లేకుండా అందరూ అందరినీ "తు", అంటే నువ్వు, అనే పిలుచుకుంటారు. ఒకరోజు చరిత్ర క్లాసులో మేడం చెప్పింది అర్థంకాక లేచి నిలబడి, మళ్ళీ చెప్పమని అడిగాను. నాకు వచ్చిన ఒడియాలోనే అడిగాను. తెలుగులో అయితే, నెరిసిన జుట్టున్న టీచరును పట్టుకుని "ఇంకోపాలి సెప్పవే" అన్నట్టు. క్లాసంతా గొల్లుమంది. మేడం కోప్పడలేదు. మీది ఏ ఊరని అడిగి కూర్చోమంది. నేను వదిన వైపు చూశాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, బల్ల మీదికి వంగి నవ్వుతోంది. గదికి వచ్చాక అది తలుచుకుని ఇద్దరం కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వుకున్నాం. అందుకే అప్పుడు నాకేమీ అనిపించలేదు.

క్లాసులో మాత్రం ఆ నవ్వు ఆగలేదు. వరండాలో నేను ఎదురైతే చాలు, పట్నం పిల్లలు "తు, తు" అని కోడిపిల్లల్ని పిలిచినట్టు పిలిచేవాళ్ళు. నేను క్లాసులో నోరు తెరవడం మానేశాను. వదిన కొడలలో బడి ఒడియా నేర్చుకుంది, ఎవరిని ఎలా పలకరించాలో తెలుసు. ఆ పిల్లలు తనను పిలిచి మాట్లాడేవాళ్ళు. మెస్సులో నేను తెలుగులో అడిగితే తను ఒడియాలో జవాబివ్వడం మొదలుపెట్టింది. మొదట వేళాకోళం అనుకున్నాను. తర్వాత గమనిస్తే, జవాబు చెప్పే ముందు చుట్టూ ఒకసారి చూసేది.

దసరా సెలవుల తర్వాత నేను ఇంటి దగ్గర పని ఉండి ఆలస్యంగా తిరిగి వచ్చాను. గది తలుపు తీస్తే వదిన మంచం మీద పరుపు లేదు. గోడకు తగిలించిన అద్దం లేదు. వరండా చివర గదిలో పట్నం పిల్లలతో చేరిందని మెస్సులో వండే ఆవిడ చెప్పింది. పెట్టె దించి అలాగే వెళ్ళాను. ఆ గదిలో వదిన ఒక్కతే ఉంది, తల దువ్వుకుంటోంది.

"ఏటొదినా, నానేటి సేసినాను?" అని అడిగాను.

దువ్వెన ఆగింది.

"నువ్వేటీ సెయ్యనేదే," అంది నా వైపు తిరగకుండానే. "నువ్వు పక్కనుంటే నాకు మనూరే ఉంటాది. ఇంకెవుల్తోటీ మాటాడబుద్దెయ్యదు. నాకీ ఊరు కావాలొదినా." గొంతు తగ్గించి, "ఇంటికాడ సెప్పకు. నాన్న ఒచ్చి తీసుకెల్లిపోతాడు. నిన్నూ ఉండనివ్వరు," అంది.

నాతో తెలుగులో అంత వివరంగా మాట్లాడి అప్పటికే చాలా రోజులైంది. ఆ గొంతు విన్న సంతోషం, ఆ మాటల బాధ ఒకేసారి వచ్చాయి. సరేనని తల ఊపి వచ్చేశాను.

ఆ శీతాకాలమంతా నేను ఎలా గడిపానో ఇప్పుడు చెప్పమంటే లైబ్రరీలో కిటికీ పక్క బల్ల ఒక్కటే గుర్తొస్తుంది. చదివింది తక్కువ, కూర్చున్నది ఎక్కువ. అన్నం సహించేది కాదు. ఒకసారి సబ్బు కొనుక్కోవడానికి గేట్ బజార్ వెళ్తే, బట్టల కొట్టు ముందు వదిన తన స్నేహితురాళ్ళతో ఎదురైంది. వాళ్ళలో ఒకామె నన్ను చూపించి ఎవరని అడిగింది. నేను క్లాసులో పక్క బెంచీలో కూర్చునే మనిషినేనని ఆమెకు గుర్తు కూడా లేదు. వదిన మా ఊరి పిల్ల అని చెప్పింది. అబద్ధం కాదు. మా ఊరి పిల్లనే. సబ్బు కొనకుండానే ఆ జనంలో, రిక్షాల మధ్య నుంచి హాస్టలుకు వచ్చేశాను.

శనివారం వస్తే రైలెక్కి ఇంటికి పోయేదాన్ని. వదిన రాలేదేమని అమ్మ అడిగేది, అత్త అడిగేది. ప్రత్యేక క్లాసులున్నాయని చెప్పేదాన్ని. అంతటితో ఊరుకునే మనుషులు కాదు కదా. ఇద్దరూ ఏం తింటున్నారు, తలకు నూనె ఎవరు పెడుతున్నారు, గదిలో చలి వేస్తోందా అని అత్త వివరాలన్నీ కావాలనేది. నేను కల్పించి చెప్పేదాన్ని. నిన్న తలంటు పోసింది అనేదాన్ని. నా దుప్పటి కూడా తనే కప్పుకుంటోంది అనేదాన్ని. అత్త నవ్వేది. చెప్తూ చెప్తూ నాకే అవన్నీ నిజంలా తోచేవి. తిరుగు రైల్లో గిరిసోల దాటాక గుర్తొచ్చేది, నా గదిలో ఆ రెండో మంచం మీద నేను ఉతికిన బట్టలు ఆరేసుకుంటున్నానని.

మాఘమాసంలో, నేను ఇంటికి వెళ్ళని ఒక ఆదివారం మావయ్య వచ్చాడు. అప్పటికి మా ఊళ్ళో ఎవరింట్లోనూ ఫోన్ లేదు, ముందుగా చెప్పడమంటూ ఏమీ ఉండదు. చుట్టాల ఇంట్లో పెళ్ళికి బట్టలు కొనడానికి బరంపురం వచ్చి, అత్త ఇచ్చిన క్యారేజీ పట్టుకుని హాస్టలుకు వచ్చాడు. వాచ్‌మన్ మా ఇద్దరి పేర్లూ గట్టిగా పిలిచాడు. నేను వరండాకు ఈ వైపు నుంచి వచ్చాను, వదిన ఆ చివర నుంచి వచ్చింది. మావయ్య ఇంకా మమ్మల్ని చూడలేదు. వదిన గబగబా నడిచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అలా చేతులు పట్టుకునే మావయ్య ముందుకు వెళ్ళాం.

క్యారేజీ తనే విప్పింది. పులిహోర, వంకాయ కూర, పెరుగు. ఒక్క పళ్ళెంలోనే కలిపి మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది.

"ఈవిడ సరిగ్గా తినదు నాన్నా. నానే తినిపించాల."

"అందుకే కదేటి మీ ఇద్దర్నీ ఒక్క గదిలో ఉండమన్నది," అన్నాడు మావయ్య. "ఏటి కోడలా, సిక్కిపోయినావు?"

నేను నవ్వాను. నాకు నవ్వే వచ్చింది, నిజంగా. మా ఆవు ఈనిందని, దూడకు నుదుటి మీద మచ్చ ఉందని మావయ్య చెప్పాడు. ముగ్గురం ఊరి కబుర్లలో పడ్డాం. అప్పుడు వదిన నా గురించి చెప్పడం మొదలుపెట్టింది. సంక్రాంతి ముందు నాకు జ్వరమొచ్చిందని, నాలుగు రోజులు క్లాసుకు రాలేదని చెప్పింది. లైబ్రరీలో కిటికీ పక్కనే కూర్చుంటానని, లెక్కల పరీక్షలో నాకే ఎక్కువ వచ్చాయని చెప్పింది. వీటిలో ఒక్కటి కూడా నేను తనకు చెప్పలేదు. ముద్ద నోట్లో ఉండగా తన ముఖంలోకి చూశాను. తను మావయ్య వైపే చూస్తూ చెప్తోంది, తడబాటు లేకుండా. నా మీద బెంగతో అదంతా కనిపెట్టుకుని ఉందా, లేక ఇలాంటి రోజు వస్తే పనికొస్తుందని దాచుకుందా? నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. తన భుజం మీద తల ఆనించి తిన్నాను.

మావయ్య రిక్షా మలుపు తిరిగేదాకా ఇద్దరం గేటు దగ్గరే చేతులు పట్టుకుని నిలబడ్డాం. రిక్షా కనపడకుండా పోయింది. ఇప్పుడేదైనా అంటుందని ఎదురుచూశాను. మెల్లగా చెయ్యి విడిపించుకుంది. "ఆసుఛి" అంది. వస్తాను అని, ఒడియాలో. తన గది వైపు వెళ్ళిపోయింది.

కుళాయి దగ్గర కూర్చుని క్యారేజీ గిన్నెలు తోముతుంటే ఏడుపు ఆగలేదు. మెస్సులో వండే ఆవిడ బియ్యం కడగడానికి వచ్చి నన్ను చూసి కంగారుపడింది. ఇంటి నుంచి మనిషి వచ్చి వెళ్ళాడు కదా, ఎవరైనా పోయారా అని అడిగింది. ఎవరూ పోలేదన్నాను. మరెందుకని అడిగితే గిన్నె మీదికి ఇంకా వంగి తోమాను. ఆవిడ నా చేతిలో గిన్నెలు తీసుకుని తనే కడిగిపెట్టింది.

పరీక్షలు గట్టెక్కాను, గొప్పగా కాదు గానీ. ఆ వేసవిలో వదినకు భువనేశ్వర్‌లో మంచి కాలేజీలో సీటు దొరికింది. వెళ్ళే రోజు రెండు కుటుంబాలూ గిరిసోల స్టేషనుకు కదిలాయి. చిన్నప్పటి నుంచీ అంటిపెట్టుకుని ఉన్న పిల్లల్ని విడదీస్తున్నామని అమ్మ కళ్ళు తుడుచుకుంది. అత్త కూతుర్ని వదిలి నన్ను దగ్గరికి తీసుకుంది.

"నువ్వొక్కర్తివీ ఎలాగుంటావే అమ్మీ, ఆ హాస్టల్లో," అంది.

రైలు వచ్చేముందు వదిన నన్ను కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా మా ఇద్దరినీ ఓదార్చారు. తర్వాత ఎన్నో పెళ్ళిళ్ళలో కలిశాం, పిల్లల చదువుల గురించీ కీళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నాం, ఆ ఏడాది మాట మాత్రం ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. ఆ ప్లాట్‌ఫాం మీద నా భుజం తడిసేలా తను ఎందుకు ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.