ఏంకాదమ్మ నోట్లో లవంగం

ఆసుపత్రిలో కట్లు కట్టే గదికి వెళ్ళేవాళ్ళెవరూ ఆ నర్సును అసలు పేరుతో పిలవరు. అందరికీ ఆవిడ ఏంకాదమ్మే. సూది గుచ్చేముందు "ఏం కాదు", గుచ్చాక "ఏం కాలేదుగా", పుండుకు అంటుకుపోయిన గుడ్డను ఊడదీస్తూ "ఏం కాదులే నాయనా". అవతలివాడి ప్రాణాలు కళ్ళలోకి వస్తున్నా ఆవిడ లెక్కలో ఏమీ కానట్టే. చెయ్యి మంచిది. మనసు ఇంకా మంచిది. ఎటొచ్చీ ఆ నోరే, ఎదుటివాడి నోటికంటే ఒక అడుగు ముందుంటుంది.

అలాంటి మనిషిని పట్టుకుని డాక్టరు, "నొప్పికి వైద్యం ఎలా చెయ్యాలో ఆన్‌లైన్లో పీజీ కోర్సు చెబుతున్నారమ్మా, మన ఆసుపత్రి నుంచి నువ్వు చేరు" అన్నాడు. చేరింది. రోజూ ఇంటికొచ్చి అంట్లు తోమేసి, పంచదార డబ్బాకు ఫోను ఆనించి పాఠం వింటూ కూర్చునేది.

"మోకాళ్ళ నొప్పులొచ్చే వయసులో నొప్పుల చదువేమిటే?" అని అత్తగారు మంచంమీంచే చురక వేసేది.

"మీ మోకాళ్ళ కోసమే అత్తయ్యా."

"నా మోకాళ్ళు నీ ఫోనులో ఉన్నాయా? ఇటొచ్చి చూడు."

చివరి పరీక్షకు రాసేదేమీ లేదు. నొప్పి తగ్గని రోగి ఒకరితో మాట్లాడి, అతని ఒప్పుదలతోనే వీడియో తీసి పంపాలి. ఏంకాదమ్మకు వెంటనే దర్జీ గుర్తొచ్చాడు. కత్తెర జారి, ఎడమచేతి బొటనవేలికి పైన, మణికట్టు దగ్గర లోతుగా తెగితే పరుగెత్తుకొచ్చినవాడు. రోజూ కట్టు మార్చింది ఆవిడే. పుండు మాని చాన్నాళ్ళయింది, గీత మాత్రం మిగిలింది. చెయ్యి పనికి రావడం లేదని అతను వచ్చినప్పుడల్లా "బాగానే మానిందయ్యా" అని డాక్టరు, "ఏం కాదులే అన్నా" అని ఆవిడ పంపించేశారు. ఇక రావడమే మానేశాడు.

కబురు పెడితే వచ్చాడు. వస్తూనే, "మిషను అమ్మేస్తున్నానమ్మా. శనివారం తీసుకెళ్తారు" అన్నాడు.

ఏంకాదమ్మ కంగారుపడింది. తన చేతుల్లో మానిన చెయ్యి మరి. ఆ కంగారులో, "అయ్యో, ఏం కాదన్నా" అని మొదలుపెట్టిందంటే వీడియో అయ్యేదాకా ఆపలేదు. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ వీడియో చూసి పాఠం చెప్పే మేడం ఫోనులో మెత్తగానే అంది: "ఆయన నోరు తెరిచినప్పుడల్లా మీరు మూత పెట్టారు. ఓదార్పు మంచిదే, కానీ విన్నాక. మళ్ళీ చేసి పంపండి."

ఏంకాదమ్మ ముఖం మాడిపోయింది. "ధైర్యం చెప్పడం కూడా తప్పేనా అత్తయ్యా?"

"తప్పని ఎవరన్నారు? మొన్న కాలు పట్టేస్తే నాకూ చెప్పావుగా ధైర్యం. అప్పట్నుంచి నీకు చెప్పడమే మానేశాను."

అత్తగారే జాలిపడి పోపుల పెట్టె తీసింది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. దీన్ని బుగ్గన పెట్టుకో. ఆ మాట వచ్చినప్పుడల్లా కొరుకు." ఓ లవంగం చేతిలో పెట్టింది.

శుక్రవారం దర్జీని బతిమాలి మళ్ళీ ఫోను ముందు కూర్చోబెట్టింది. "నువ్వే చెప్పన్నా" అని పంటి కింద లవంగం పెట్టుకుంది.

"చెప్పడానికేముందమ్మా," అని అతను గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ నాలుక చివరికి ఆ మాట రానే వచ్చింది. కసుక్కున కొరికింది. నోరు భగ్గుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దర్జీ ఇటు తిరిగి చూసి కంగారుపడ్డాడు. "మీరు ఏడవకండమ్మా! నా కోసం ఇంత బాధపడతారనుకోలేదు. చెబుతాను."

కాదందామంటే లవంగం మంటకు మాట రాలేదు.

"గట్టిగా నొక్కితే ఏమీ లేదమ్మా. మెత్తటి బట్ట రాసుకుంటే మాత్రం నిప్పు పెట్టినట్టే. చొక్కా చెయ్యి తగిలినా మంటే. దర్జీకి బట్ట పడటం లేదంటే నలుగురూ నవ్వరూ? ఇంట్లో కూడా చెప్పలేదు."

ఏంకాదమ్మ లవంగం ఊసేసి, దర్జీని వెంటబెట్టుకుని డాక్టరు గదికి పరుగెత్తింది. గాయం మానినా, తెగిన నరం ఊరుకోదనీ, మెత్తగా తాకినా కేకలు పెడుతుందనీ పాఠంలో విన్నదే. డాక్టరు దూదితో ఆ గీత మీద అలా రాశాడో లేదో, దర్జీ ఎగిరిపడ్డాడు.

"ఈ మాట ముందే చెప్పలేదేమయ్యా?"

"మనం చెప్పనిస్తేగా డాక్టరుగారూ" అంది ఏంకాదమ్మ.

మాత్రలు మారాయి. రోజూ ఆ గీత మీద ముందు బాగా మెత్తటి బట్టతో, అలవాటయ్యాక కాస్త గరుకుదానితో రాయాలని ఆవిడ చెప్పింది. "ఏది మెత్తనో ఏది గరుకో నాకు చెప్పాలా అమ్మా!" అని దర్జీ నవ్వాడు. మిషను కొనేవాడిని ఆగమన్నాడు.

వీడియో గట్టెక్కింది. "ఈసారి విన్నారు" అని మేడం మెచ్చుకుంది. ఆ కన్నీళ్ళనూ మెచ్చుకుంది. లవంగం ఊసు ఏంకాదమ్మ ఎత్తలేదు.

కొన్ని నెలలకు దర్జీ సంచీ పట్టుకుని కట్ల గదికి వచ్చాడు. అందులో పట్టుముక్క, పల్చటి నూలుముక్క, చివర ముతక తువ్వాలు. మంట పూర్తిగా పోలేదు గానీ పని చేసుకోనిస్తోందట. తువ్వాలు తీసి ఆ గీత మీద నెమ్మదిగా రాశాడు. పళ్ళు బిగించాడు, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఏం కా..." అని ఏంకాదమ్మ నాలుక కరుచుకుంది.

"అనండమ్మా, పరవాలేదు" అన్నాడు దర్జీ తువ్వాలు మడతపెడుతూ. "ఇవాళ నిజంగానే ఏం కాలేదు."