కొసరుగా వచ్చిన నాలుగో ప్లగ్గు

మూడు స్పార్క్ ప్లగ్గుల వెలకు నాలుగు తెచ్చిన పశువుల డాక్టరు మా శాఖలో నేనొక్కడినే. 1982 వేసవిలో, తిరువళ్లూరులో అసిస్టెంట్ సర్జనుగా ఉన్నప్పుడు ఆ ఘనకార్యం చేశాను. మాది అంగళ్లు పెట్టి బతికిన వంశం. చెప్పిన ధరకు కొంటే ఆ పూట మాకు అన్నం సయించదు.

ఆఫీసు జీపు పొద్దున స్టార్టు కావడానికి మొరాయిస్తోంది, పెట్రోలు ఎక్కువ తాగుతోంది, ఎత్తెక్కితే దగ్గుతోంది. డ్రైవరు మునస్వామి ఇంజను చల్లారనిచ్చి, లోపల దుమ్ము పడకుండా చుట్టూ ఊది, ప్లగ్గులు విప్పి చూపించాడు. ఇంజను బాగుంటే మొన లేత గోధుమరంగులో ఉంటుంది. మావి మసిబారి, గుండ్రంగా అరిగి ఉన్నాయి.

"నాలుగూ ఒకేసారి మార్చాల సార్" అన్నాడు.

చిన్న సామాను జిల్లా వర్క్‌షాపుకు రాయకుండా ఊళ్లోనే కొనే అధికారం నాకుంది. అదే కొంప ముంచింది.

స్పేర్ పార్టుల అంగడాయన్ని వరస కలిపి మామా అనేవాణ్ణి. ప్లగ్గు పద్నాలుగు రూపాయలన్నాడు. ఎంత బేరమాడినా దిగలేదు.

"సరే, మూడు కొంటా. నాలుగోది కొసరెయ్యి మామా. పాతవి నాలుగూ నువ్వే పెట్టుకో."

"బెల్లం కొంటా ఉండావా, ఇనుము కొంటా ఉండావా డాక్టరయ్యా? ఇనుముకు యాడైనా కొసరుంటాదా?" అని నవ్వి, సొరుగులోంచి అట్టపెట్టె లేని ప్లగ్గొకటి తీశాడు. "కొసరుకు గ్యారంటీ లేదు. చెప్పినాను, ఇనుకో."

ఆ మాటను నేను అతని ఓటమిగా విన్నాను.

అయినా పరీక్షించకుండా బిగించలేదు. వైరు తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి స్టార్టరు తిప్పిస్తే నీలిరంగు రవ్వ చక్కగా ఎగిరింది. గేజితో మొనల మధ్య సందు సరిచేసి, మర వంకర పోకుండా ముందు వేళ్లతో తిప్పి, చివర్న పానాతో బిగించాం.

మర్నాడు తిరుత్తణి అవతలి పల్లెలో గొడ్లకు గాలికుంటు రోగం టీకాలు. పక్క ఊళ్లో రోగం అప్పటికే కనిపించింది. మందు ఐసుపెట్టెలో ఉంది. చల్లదనం పోతే మొత్తం పారబోయాల్సిందే.

కనకమ్మసత్రం దగ్గర ఎత్తులో జీపు కాలు విరిగిన గొడ్డులా కుంటి, నిలబడిపోయింది. మళ్లీ స్టార్టు చేసి, ఒక్కో ప్లగ్గు వైరు పీకి చూశాం. మంచి ప్లగ్గుదైతే కుంటు ఎక్కువవుతుంది. నాలుగోది పీకితే ఏ మార్పూ లేదు. విప్పితే తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత చీలిక.

నిన్న రవ్వ ఎగిరింది గదా, ఇవాళ ఏమైంది? నేను ప్లగ్గును ఎండకు పట్టి తిప్పి తిప్పి చూస్తున్నాను. సిలిండరు లోపల ఒత్తిడి ఎక్కువ, అక్కడ రవ్వ దూకడం కష్టం. కరెంటు సులువైన దారి వెతుక్కుని చీలిక గుండా జారిపోతోంది. ఈ సంగతి మునస్వామికి వివరించబోయాను.

"ఐసు కరగతా ఉండాది సార్. పాఠం తర్వాత చెబుదురు" అన్నాడు.

పాత ప్లగ్గులు చేతిలో ఉంటే ఒకటి బిగించి కదిలేవాళ్లం. వాటిని బేరంలో నేనే ఇచ్చేశాను. కనకమ్మసత్రం ఊళ్లోని రిపేరు షెడ్డువాడు మా తొందర చూసి కొత్త ప్లగ్గుకు పద్దెనిమిది అడిగాడు, రసీదు లేదన్నాడు. ఇచ్చి బిగించుకున్నాం. ఐసు కోసం సోడా అంగడికి పోయి, అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

"ఐసుకు బేరమా సార్?" అంది అంగడి అక్క. "మీరు ఆడేలోపల కరిగిపోతాది."

అడిగింది అడిగినట్టు ఇచ్చాను, మేం తాగిన సోడాలతో సహా.

పల్లె చేరేసరికి కొందరు గొడ్లను విప్పుతున్నారు. "ఇంకొంచేపు చూసి మేపుకు తోలేద్దామనుకుంటిమి అయ్యా" అన్నాడొక పెద్దాయన. మందు చల్లగానే ఉంది. అన్నిటికీ టీకాలు పడ్డాయి.

రమారమి పదిహేను వేల కిలోమీటర్లకోసారి ప్లగ్గులు మార్చాలి, నాలుగూ ఒకే రకానివి, కొత్తవి. అవి దారిలో సరిగా పనిచేశాయని తేలేదాకా పాతవి వదులుకోకూడదు. బయట ఎగిరిన రవ్వను నమ్మి లోపలి సంగతి తేల్చకూడదు.

ఇక లెక్క. ఆఫీసుకు పెట్టిన బిల్లు, మూడు ప్లగ్గులకు నలభై రెండు రూపాయలు. నా జేబులోంచి ప్లగ్గుకు పద్దెనిమిది, ఐసుకు పది, సోడాలకు రెండు, వెరసి ముప్పై. నాలుగోదీ ధర పెట్టి కొని ఉంటే పద్నాలుగయ్యేది, అదీ సర్కారు సొమ్ము.