కథ మీద పసుపు పెన్సిలు

1978 మార్చి. ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ పనులు నడుస్తున్న రోజులు. మా డ్రాయింగ్ ఆఫీసు ఒక రేకుల షెడ్డు. అందులో ఉన్న వస్తువులు: డ్రాయింగ్ బోర్డులు ఆరు, అమ్మోనియా ప్రింటు తీసే యంత్రం ఒకటి, ఫ్యాన్లు రెండు, వాటిలో తిరిగేది ఒకటి. ఉన్న మనుషులు: హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ రంగారావు గారు, డ్రాఫ్ట్స్‌మెన్ ముగ్గురు, ట్రేసర్ కరుణకుమారి, చెకర్‌గా నేను.

ట్రేసర్ అంటే పెన్సిలు డ్రాయింగ్‌ను ట్రేసింగ్ కాగితం మీదికి ఇంకుతో ఎక్కించే మనిషి. చెకర్ అంటే అందులోని ప్రతి కొలతనూ సరిచూసేవాడు. కొలత సరిగ్గా ఉంటే దానిమీద పసుపు పెన్సిలు గీస్తాం, తప్పయితే ఎరుపు. ఏ రంగూ పడని అంకె కనిపించిందంటే చెకర్ దాన్ని చూడలేదని అర్థం.

డిప్లొమా చదివిన నాకు కథలతో పని పడింది మా స్టేషన్ ఉద్యోగుల క్లబ్బు నడిపే లిఖిత పత్రిక వల్ల. మూడు నెలలకొకసారి చేత్తో రాసిన ఒకే ఒక్క ప్రతి, బల్లలన్నీ తిరిగేది. నా అక్షరాలు కుదురుగా ఉంటాయని నన్ను సంపాదకుణ్ణి చేశారు.

ఒక సోమవారం భోజనాల వేళ కరుణ పన్నెండు కాగితాలు తెచ్చి నా బోర్డు మీద పెట్టింది. ఆమెది భవానీపురం. తండ్రి హైస్కూల్లో లెక్కల మాస్టారు.

"ఇంట్లో ఎవరికీ తెలీదండీ. నాన్నగారి కంటపడితే పొయ్యిలోకే. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక దాచుకుని రాశాను. మీరు చూసి బావుంటే వేయండి. లేకపోతే ఇక రాయను."

నవ్వుతూనే అంది. చెయ్యి మాత్రం కాగితాల మీంచి తీయలేదు.

కథలో ఇద్దరు పదహారేళ్ళ పిల్లలు. రోజూ కొండపల్లి నుంచి ఒకే బస్సులో బెజవాడ కాలేజీకి వస్తారు. అబ్బాయి తన టిఫిన్ క్యారియరు పెట్టి ఆ అమ్మాయికి సీటు ఆపుతాడు. పరీక్షలయ్యేసరికి వాళ్ళ స్నేహం కూడా అయిపోతుంది.

ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. వెన్నెల వర్ణన రెండు పేజీలు, బస్సు మాత్రం పగటిది. ఒకచోట అమ్మాయి ఊరు మారిపోయింది. ఇక అబ్బాయి ఆమెను ఒక పేజీలో "మీరు" అంటాడు, తర్వాతి పేజీలో "నువ్వు", మళ్ళీ "మీరు". పదకొండు చోట్ల సున్నాలు చుట్టి, అంచున "సంబోధన ఒకే తీరుగా లేదు, సరిచేయాలి" అని రాశాను. బుధవారం పొద్దున్నే తిరిగిచ్చాను.

ఆమె పేజీలు తిప్పి చూసి, మడిచి సంచిలో పెట్టేసుకుంది. సాయంత్రం దాకా తలెత్తలేదు.

నేను సున్నాలు చుడుతున్నప్పుడు వెనకనుంచి కథ చదివిన రంగారావు గారు నా దగ్గరకొచ్చారు. "ఏవయ్యా, ఆ పిల్ల కథకి టాలరెన్స్ ఎంతిచ్చావు?" టాలరెన్స్ అంటే కొలతలో అటూ ఇటూ పోనిచ్చే తేడా.

"ఉన్న తప్పులే చూపించానండీ."

"బాయిలరు పైపుకీ కథలోని పదహారేళ్ళ పిల్లకీ ఒకటే కొలత గేజీ పెట్టావన్నమాట. భేష్!"

నేను కరుణ బల్ల దగ్గరికి వెళ్ళాను. "కథ సరిచేసి ఇస్తారా? శుక్రవారానికి పత్రిక పూర్తి చేయాలి."

"వద్దులెండి. ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోకండి. మొన్న పంపుహౌస్ డ్రాయింగులో నేను బోలెడు తప్పులు చేశాను. అయినా అది పసుపుతో నిండి వచ్చింది. దీంట్లో ఒక్క పసుపు గీతా లేదేంటండీ? సరైంది అసలు లేదా, మీరే చూడలేదా?"

కాగితాలు మళ్ళీ ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు.

"ముందు ఈ పదకొండు సున్నాలెందుకో చెప్పండి."

"ఒక మనిషిని ఒకే తీరుగా పిలవాలి కదండీ."

"బస్సునిండా వాళ్ళ ఊరివాళ్ళేనండీ! వాళ్ళముందు 'నువ్వు' అంటే ఇంకేమన్నా ఉందా? అందుకే బస్సులో 'మీరు', దిగి నడిచేటప్పుడు 'నువ్వు'. ఆఖరిరోజు రోడ్డు మీద ఎవరూ ఉండరు. అయినా అతను 'మీరు వెళ్ళండి' అంటాడు. అయిపోయిందని ఆ పిల్లకి అక్కడే తెలుస్తుంది."

ఆ "మీరు" చుట్టూ కూడా నేను ఎర్ర సున్నా చుట్టాను. కథంతా మోస్తున్న మాట అది.

"నేను పొరబడ్డాను" అన్నాను. "అయితే ఒకటి. మొదటిసారి అతని నోట 'నువ్వు' వచ్చినప్పుడు ఆ అమ్మాయికి ఏమనిపించిందో మీరు రాయలేదు. రాసుంటే నాలాంటివాడు కూడా ఆఖరి 'మీరు' దగ్గర ఆగేవాడు."

ఆమె పెన్సిలు అందుకుంది. "గుండె గుభేలుమంది అని రాయనా?"

"మీకైతే ఏం చేస్తారు?"

"వినపడనట్టు, 'ఏంటీ?' అని మళ్ళీ అడుగుతాను." అనేసి సిగ్గుపడింది.

"అదే రాయండి."

అప్పుడు కాగితాలు నా చేతికిచ్చింది. ఈసారి పసుపు పెన్సిలుతో మొదలుపెట్టాను. క్యారియరుకు పసుపు, ఊరివాళ్ళ చూపులకు పసుపు, ఆఖరి "మీరు" మీద రెండుసార్లు పసుపు. వెన్నెల ఎరుపులోనే ఉండిపోయింది. దాన్ని ఆమే కొట్టేసింది. శుక్రవారం నాటికి కథ పత్రికలోకి ఎక్కింది, కలంపేరుతో.

సరైనదేదో గుర్తుపట్టనివాడు తప్పునూ గుర్తుపట్టలేడని ఆ వారం తెలిసింది. అప్పటినుంచి ఎవరి రాత చూసినా పసుపే ముందు తీస్తున్నాను.

జూన్ సంచికకు కరుణకుమారి అడగకుండానే ఇంకో కథ ఇచ్చింది. పేజీలు పంతొమ్మిది.