ఏడో నంబరు కోతికి మంగళవారాలు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు నన్ను నాంపల్లిలోని ఒక పరిశోధనా కేంద్రానికి సీనియర్ పశువైద్యాధికారిగా వేశారు. అక్కడి కోతులకు పిండదశలోనే మనిషి జన్యువు ఒకటి చేర్చారు. కొన్ని కుటుంబాలను తరతరాలుగా వెంటాడే హంటింగ్టన్ వ్యాధి జన్యువది. నడివయసులో కాళ్లూ చేతులూ వాటంతటవే ఆడతాయి, మతి తప్పుతుంది. నయం చేసే మందు లేదు.

రోజూ ఉదయం ఒక పరీక్ష ఉండేది. చెక్కపలక గుంటల్లో పల్లీలు వేసి, కోతి వాటిని ఎన్ని సెకన్లలో తీసుకుంటుందో రాసేవాళ్లం. అందుకు పెట్టిన గడువు వరుసగా ఏడు రోజులు దాటితే ఆ జంతువును ఇక బాధపెట్టకూడదు, మత్తుసూదితో శాశ్వతంగా నిద్రపుచ్చాలి. పల్లీలు వేసేది సంరక్షకుడు యాదగిరి. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చినవాడు. ఏడో నంబరు కోతిని ‘స్వామీ’ అని పిలిచేవాడు.

ఒకరోజు దాన్ని చూసి నిలబడిపోయాను. వణికే కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చుంది. వారం ముందే అబిడ్స్‌లో పని మీద ఒక నరాల వైద్యుడి గదికి వెళితే, ఇదే జబ్బున్న ఒకావిడ అచ్చం అలాగే కూర్చుంది. ఎవరూ నేర్పింది కాదు. ఒక్క జన్యువు ఇంత పని చేస్తుందా అని నా ఒళ్లు గగుర్పొడిచింది.

జబ్బు అంత ముదిరినా ఏడు రోజుల లెక్క మాత్రం నిండడం లేదు. రిజిస్టరు తిరగేశాను. ఆరు రోజులు గడువు దాటుతోంది, మంగళవారం వచ్చేసరికి గడువులోపే ఉంటోంది.

ఆ తరువాతి మంగళవారం దగ్గరుండి చూశాను. తలస్నానం చేసి బొట్టుతో వచ్చిన యాదగిరి పల్లీలను గుంటల్లో వేయకుండా అంచుల మీద పెట్టాడు. ఎందుకని అడిగాను.

“గీ ఒక్క దినమన్న ఆంజనేయస్వామిని తిప్పల పెట్టొద్దనుకున్న సార్. తప్పయితే నన్ను తీసెయ్యున్రి.”

ఏడు రోజుల నియమం తెలుసా అని అడిగాను.

“గదేంది సార్?”

చెప్పాను. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. “అంటే నా వల్లనే గిన్ని దినాలు గోసపడ్డదా సార్?”

నీ వల్ల కాదు, నా వల్ల అన్నాను. ఓదార్చడానికి అనలేదు. ఆ నియమం ఇంగ్లిషు ఫైల్లో, నా సొరుగులోనే ఉండిపోయింది. తొమ్మిది వారాలుగా ఆ రిజిస్టరు మీద నేను సంతకాలు పెడుతూనే ఉన్నాను.

మంగళవారాల అంకెలన్నీ చెల్లవని కొట్టేసి, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీకి నివేదిక పంపాను. గురువారం యాదగిరి దాని చేయి పట్టుకుని ఉండగా సూది వేశాను. ఆ తరువాత ప్రతి నియమాన్నీ సంరక్షకులకు తెలుగులో చదివి వినిపించాకే పరీక్ష మొదలుపెట్టాను. జంతువు రోజంతా ఎవరి చేతుల్లో ఉంటుందో, నియమం ముందు వాళ్లకు తెలియాలి.