సగం తిన్న విస్తరి

మా బాబాయి కూతురి పెళ్లికి ఫొటోలు తీయడానికి గుంటూరు నుంచి అద్దంకికి ఒకతను వచ్చాడు. ఎవరి మీదికి కెమెరా ఎత్తినా ముందు "తియ్యమంటారా అండి?" అని అడిగేవాడు. గిన్నెలు తోమే ఆవిడను కూడా అలాగే అడిగి, ఆవిడ సిగ్గుపడుతూ కొంగు సర్దుకునేదాకా ఆగాడు.

తెల్లవారుజాము నుంచి నిలబడే ఉన్న ఆ మనిషి మధ్యాహ్నం ఆఖరి బంతిలో కూర్చున్నాడు. పప్పన్నం రెండు ముద్దలు తిన్నాడో లేదో, బాబాయి వచ్చి భుజం తట్టాడు.

"లెగవయ్యా, మిర్చి షావుకారుగారు వచ్చారు. ఫొటో కావాలి. అన్నం ఎక్కడికి పోతుంది?"

అతను చెయ్యి కడుక్కుని వెళ్లాడు. తిరిగొచ్చేసరికి విస్తళ్లు ఎత్తేశారు.

సాయంత్రం డబ్బులిచ్చేటప్పుడు బాబాయి ఒప్పుకున్నదాంట్లో వెయ్యి తగ్గించాడు.

"ఇదేంటి సార్?"

"టిఫినూ భోజనమూ పెట్టాం కదయ్యా."

"భోజనం మధ్యలో మీరే లేపారు కదండీ. తిననే లేదు."

"ఆకు వేశామా లేదా?"

చుట్టూ ఉన్న మావాళ్లు నవ్వారు. అతను ఇచ్చినవి జేబులో పెట్టుకుని బస్సుకి వెళ్లిపోయాడు.

విస్తరి ముందు కూర్చున్న మనిషిని లేపడమే పాపం. ఆ తిననివ్వని అన్నానికి వెల కట్టడాన్ని ఏమంటారో నాకు తెలీదు.

రోజూ దీపం పెట్టాక, ఇంత తిండి పెడుతున్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుని, మావాళ్లందరినీ పేరుపేరునా చల్లగా చూడమని అడగడం నాకు అలవాటు. మర్నాడూ దీపం పెట్టాను. బాబాయి పేరు దగ్గర నోరు పెగల్లేదు.