నాలుగు పార్కులూ ఒక వేపమండ

మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాలుద్దామనుకున్నానో లేదో, ముందు గదిలోంచి కొత్త రబ్బరు వాసన ఇల్లంతా పాకింది. లేచి చూస్తే పిల్లలు బుగ్గలు బూరెల్లా ఉబ్బించి, ఈతకు పెట్టుకునే రంగురంగుల ట్యూబుల్లోకి గాలి ఊదుతున్నారు. తెల్లవారితే హైదరాబాద్ ప్రయాణం. మూడు రోజుల్లో నాలుగు పార్కులు తిరగాలని మా పిల్లలూ మా తమ్ముడి పిల్లలూ కలిసి వారం నుంచీ ఫోన్లు ముందేసుకొని కూర్చున్నారు. ఏ పార్కు ఎన్నింటికి తెరుస్తారో, ఏ జారుబండ మీద నుంచి జారితే కడుపులోని పేగులు నోట్లోకి వస్తాయో, ఎక్కడ బిర్యానీ తినాలో అన్నీ వేళ్ల మీదే తేలిపోయాయి. వాళ్ల సంబరం వాళ్లది. నాకు మాత్రం ఆ వాసన ముక్కుకు తగలగానే కరీంనగర్‌లోని ఈ ఇల్లు మాయమై, మందమర్రిలో బొగ్గుబాయి క్వార్టరూ, దాని గుమ్మానికి వేలాడిన వేపమండా, ఆ గుమ్మం దాటకుండా మేం గడిపిన ఎండాకాలమూ కళ్ల ముందుకు వచ్చాయి.

మాది క్వార్టర్ల వరుసలో చివరి నుంచి రెండో ఇల్లు. రెండు గదులు, పొయ్యికి ఇంత చోటు, వెనక నల్లా ఉన్న చిన్న వాకిలి. ఎండాకాలం వచ్చిందంటే పొద్దున ఎనిమిదికే గచ్చు కాలేది, దండెం మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బొగ్గుపొడి రాలి బూడిదరంగుకు తిరిగేవి, మధ్యాహ్నం బాయిలో పేలుళ్లు జరిగినప్పుడు అటక మీద చెంబులు ఒకదానికొకటి తగిలి మోగేవి. మా నాన్న, బాపు, షిఫ్టు సైరనుకు లేచి బాయికి పోతే, మా అమ్మ, అవ్వ, రంజన్ కుండలో నీళ్లు నింపి, దాని చుట్టూ తడిగుడ్డ కప్పి, మేం బయటికి ఉరక్కుండా తలుపుకు అడ్డంగా చాప వేసుకొని పడుకునేది. మేం ఆ చాప దాటి పోయి చిర్రగోనె ఆడేవాళ్లం, దొరికితే తన్నులు తినేవాళ్లం, మళ్లీ చాప మీదే కూర్చొని పచ్చీసు ఆడుకుంటూ, మామిడికాయ చెక్కలకు ఉప్పూకారం అద్దుకొని పళ్లు పులిసేదాకా తినేవాళ్లం.

నాకు పదకొండేళ్లున్న ఆ ఏడు, బాపుకు ఎన్నడూ లేనిది వరసగా సెలవు దొరికింది. అందరినీ హైదరాబాద్ తీసుకుపోతానన్నాడు. కాగజ్‌నగర్ కాయితం మిల్లులో పనిచేసే మా పెద్దబాపు, తన పిల్లల్ని కూడా వెంట తీసుకుపొమ్మన్నాడు. పెద్దవాడు రమేషన్న పదో తరగతి రాసి ఉన్నాడు, చిన్నది సరిత నాకంటే రెండేళ్లు చిన్నది. రమేషన్న ఉగాదికి వచ్చినప్పుడే పాత క్యాలెండరు వెనక దారి మొత్తం గీసిపోయాడు. మంచిర్యాల, గోదావరి వంతెన, సుల్తానాబాద్‌లో చాయ, కరీంనగర్‌లో జింకల పార్కు, సిద్దిపేటలో సద్ది తినడం, ఆ తర్వాత హైదరాబాద్‌లో మూడు పార్కులు. ఒకటి ఉత్తుత్తి సముద్రంలా అలలు వచ్చేది, ఒకటి రైలు తలకిందులయ్యేది, ఒకటి ఆకాశమంత చక్రం తిరిగేది. గోడకు దిగేసిన ఆ కాయితాన్ని మా తమ్ముడు శీనుగాడు, వాడికప్పుడు ఆరేళ్లు, అక్షరాలు రాకపోయినా వేలితో తడుముతూ కంఠతా చదివేవాడు.

బండి మా పక్కింటి ఖాజామామది. ఆయనకు ఒక జీపు ఉండేది, పెళ్లిళ్లకూ జాతర్లకూ తిప్పేవాడు. ఆయనే ఒక పాత టైరు ట్యూబుకు పంచర్లు వేసి, గాలి కొట్టి మాకిచ్చి, "నీళ్లల్ల మునగకుండ ఇది పట్టుకోండ్రి బేటా, మునిగితే మీ అవ్వ నన్ను ముంచుతది" అన్నాడు. వాకిట్లో నేల మీదే ఆ ట్యూబులో పడుకొని కాళ్లూ చేతులూ ఆడిస్తూ ఈత నేర్చుకున్నాం.

ప్రయాణం సోమవారం. శుక్రవారం పొద్దున నల్లా కింద శీనుగాడికి స్నానం పోస్తుంటే, వాడి వీపు మీద రెండు రెక్కల నడుమ ముత్యమంత నీటిబుడ్డ కనబడింది. ముందటేడు ఎదురు వరుసలో ఒక పిల్లకు అచ్చం అలాంటిదే లేవడం చూశాను కాబట్టి అదేమిటో నాకు తెలుసు. తల్లి, అంటే అమ్మవారు, పోసిందంటే ఇంటికి వేపమండ కడతారు. ఇక ఆ ఇంట్లోంచి పిల్లలు బయటికి పోరు, బయటి పిల్లలు లోపలికి రారు. పోపు వాసన ఉండదు, నూనె చుక్క ఉండదు, తల దువ్వరు, మగవాళ్లు గడ్డం గీసుకోరు. నీళ్లు పోసేదాకా ప్రయాణమన్న మాటే ఎత్తకూడదు. అటూ ఇటూ చూసి, వాడి వీపు నిండా పౌడరు కొట్టి, పొడుగు చేతుల చొక్కా తొడిగాను.

"ఎవలన్న అడిగితే దోమ కుట్టిందను."

"దోమ గింత పెద్దగ కుడ్తదా అక్కా?"

"మన బాయి దోమలు గట్లనే ఉంటయి. నా పేరు చెప్పినవనుకో, పార్కు బంద్."

వాడు రెండు చేతులతో నోరు మూసుకొని తల ఊపాడు.

మర్నాడు రమేషన్నా సరితా రైలు దిగి వచ్చారు. గుమ్మానికి వేపమండ ఉంటే గేటు దగ్గరి నుంచే తిరిగి పోయేవాళ్లు. లేదు కాబట్టి చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. నలుగురం ఒక్క చాప మీద, ఒక్క కూలరు ముందు పడుకున్నాం. అవ్వా బాపమ్మా రెండు రోజులు పొయ్యి ముందే కూర్చొని సర్వపిండి, మురుకులు, గరిజెలు చేసి డబ్బాల్లో నింపారు. బాపమ్మ అంటే బాపు తల్లి. ఇంట్లో పెద్దది, ఆమె మాటకు ఎదురు లేదు. శీనుగాడు ఆ రెండు రోజులూ మురుకు ముట్టలేదు, చొక్కా విప్పలేదు, గోడకు వీపు రాసుకుంటూ తిరిగాడు.

సోమవారం సూర్యుడు పొడవకముందే జీపు గేటు ముందు ఆగింది. సంచులెక్కాయి, ట్యూబు ఎక్కింది, కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలన్న పంచాయితీ తెగి నేను కూర్చున్నాను. ఆఖర్న అవ్వ శీనుగాణ్ని ఎత్తి పైకి అందిస్తూ ఉలిక్కిపడింది.

"అత్తా, పోరని ఒళ్లు పెనం లెక్క కాల్తుంది."

బాపమ్మ వచ్చి వాడి చొక్కా ఎత్తి చూసింది. వీపు నిండా ముత్యాలే. ఒక్క క్షణం కళ్లు మూసుకొని, చెంపలు వేసుకొని, "దిగుండ్రి. అందరు దిగుండ్రి" అంది.

"బాపమ్మా, బండి ఎక్కినం గదా!" అన్నాడు రమేషన్న.

"తల్లి మన ఇంటికి సుట్టంగ వచ్చిందిరా. వచ్చిన సుట్టాన్ని ఇంట్ల ఇడిసిపెట్టి మనం ఎటు పోతం?"

ఖాజామామ వెంటనే ఇంజను ఆపాడు. నేను దిగనని కిటికీ చువ్వ పట్టుకొని కూర్చుంటే, "దిగు బేటా, అమ్మవారి ముచ్చటల నేను కూడ బండి తియ్య. జర ఓపిక పట్టు, పార్కు ఏడికి ఉరుకుతది" అని ఒక్కో వేలూ విడిపించి దించాడు.

ఆ గంటలోనే గుమ్మానికి వేపమండ ఎక్కింది. నూనెలో వేగినవి ఇంట్లో ఉండకూడదని డబ్బాలన్నీ ఖాజామామ ఇంటికి పోయాయి. ఆ రెండిళ్లకూ నడుమ ఒక్క ఇటుక గోడ. మేం ఇటువైపు ఉప్పులేని పెరుగన్నం మింగుతుంటే, అటువైపు మామ పిల్లలు మా మురుకులు నమిలే చప్పుడు కరకరా వినిపించేది. "మెల్లగ నమలుండ్రి రా, అవతల పోరగాండ్లు సావాలె!" అని మామ గదిమేవాడు. అప్పుడు వాళ్లు నోట్లో నానబెట్టుకొని తినేవాళ్లు. అది ఇంకా ఘోరంగా ఉండేది, ఎందుకంటే ఆ మౌనంలో ఏం తింటున్నారో మేం ఊహించుకోవలసి వచ్చేది.

తల్లి దిగిన ఇంట్లోకి వచ్చినవాళ్లు నీళ్లు పోసేదాకా కదలకూడదు గనుక రమేషన్నా సరితా కూడా ఇరుక్కున్నారు. శీనుగాడు వేపాకుల మీద పడుకొని ఉంటే, బాపమ్మ వేపరెమ్మతో విసురుతూ వాడి పక్కనే కూర్చునేది. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు. పగలే చీకటి. వేపాకు, పసుపు, తడిగోనె కలిసిన ఒక చేదు వాసన గోడలకు పట్టుకుంది. వీధిలో ఐసుగోలా అమ్మేవాడి గంట మా గేటు ముందుకు రాగానే ఆగిపోయి, దాటాక మళ్లీ మోగేది. మేం మంచాన్ని జీపు చేసి, ట్యూబును స్టీరింగు చేసి, గోడ మీది కాయితం చూస్తూ రోజుకు పది సార్లు హైదరాబాద్ పోయి వచ్చేవాళ్లం. షిఫ్టు దిగి వచ్చిన బాపు, గడ్డం పెరిగిన మొహంతో మమ్మల్ని చూసి, "నేను రోజు భూమిల ఎనిమిది గంటలుంటన్న, మీరు ఇంట్ల తొమ్మిది దినాలు ఉండలేరా?" అన్నాడు. ఆ సెలవును ఆయన రద్దు చేసుకొని పనికి పోతున్నాడని మాకెవరికీ అప్పుడు తోచలేదు.

తొమ్మిదోనాడు శీనుగాడికి ఎండలో కాగిన వేపాకు నీళ్లు పోశారు. కొత్త తేదీ పెట్టుకున్నాం, బాపుకు ఈసారి తక్కువ సెలవే ఇచ్చారు కనుక ఒక పార్కు కొట్టేశాం. తేదీకి రెండు రోజుల ముందు రమేషన్నకూ నాకూ ఒకేసారి లేచింది. మళ్లీ మండ, మళ్లీ చప్పిడి కూడు. మాకు నీళ్లు పోసి, ఇంకో పార్కు కొట్టేసి, ఇంకో తేదీ పెట్టుకుంటే సరితకు లేచింది. ఖాజామామ వారానికోసారి గేటు అవతల నిలబడి, "బాపమ్మా, ఇంకెవలన్న మిగిలిండ్రా, లేక బండి వేరే బేరానికి ఇయ్యాల్నా?" అని అడిగేవాడు. మూడో పార్కూ కొట్టేశాక కాయితం మీద చివరికి కరీంనగర్ జింకల పార్కొక్కటే మిగిలింది. సరిత దాన్ని కూడా మసిబొగ్గుతో కొట్టేసి, గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు లేచిన రోజుల్లో ఒళ్లు మంటలెత్తుతుంటే కూడా నేను నోరెత్తి ఏడవలేదు. శుక్రవారం ఒక్క మాట చెప్పి ఉంటే వీళ్లిద్దరూ గేటు దగ్గరే ఆగేవాళ్లు, వాళ్ల ఎండాకాలం వాళ్లకు దక్కేది అన్నది నాకు రెప్ప వేసినప్పుడల్లా కనబడేది.

సరితకు నీళ్లు పోసిన రోజు బడులు తెరిచారు. పోచమ్మకు బోనం తీసి, మా నలుగురినీ గుడి ముందు వరుసగా నిలబెట్టి, "మనసుల ఏమన్న తప్పుంటే తల్లికి చెప్పుండ్రి, చెప్పి లెంపలేసుకోండ్రి. లేకుంటే మళ్ల వస్తది" అంది బాపమ్మ. ఇంతలో శీనుగాడు ముందుకు నడిచి, చెంపలు టపటప వేసుకుంటూ గట్టిగా అరిచాడు.

"తల్లీ, దోమ కుట్టిందని అబద్దమాడిన! నాకు ముందుగాల్నే లేచింది. పార్కుకు పోవాలని ఎవలికి చెప్పలే!"

అంతే. రమేషన్న వాడి నెత్తి మీద మొట్టికాయ వేశాడు. సరిత "నీ మూలంగనే రా!" అని వాణ్ని వెనక నుంచి నూకింది. బాపు నవ్వాలో తిట్టాలో తెలియక తల తిప్పుకున్నాడు. వాడు నా వైపు ఒక్కసారైనా చూడలేదు. నేను చెంపలు వేసుకున్నాను, పెదాలు మాత్రం కదపలేదు. ఆ రోజు నుంచి వాడు మా అందరికీ దోమశీను.

ఆ తర్వాత బాపుకు అలాంటి సెలవు మళ్లీ దొరకలేదు. ఆ పార్కులకు మేం నలుగురం కలిసి పోనే లేదు. ఆ క్వార్టర్ల వరుస ఇప్పుడు లేదు. ఖాజామామ లేడు, బాపమ్మ లేదు. మా ఇళ్లల్లో ఇప్పుడు పిల్లలకు టీకాలు వేయిస్తున్నాం, గుమ్మానికి మండ కట్టి ఎన్నేళ్లయిందో. ఒక ఇంట్లో నలుగురు పిల్లలు నెలన్నర ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చోవడమన్నది మా పిల్లలకు కథలాగే ఉంటుంది. శీను బాపులాగే బాయిలో చేరాడు. పనివాళ్లకంటే ముందు దిగి పైకప్పు తట్టి చూసే సర్దారు పని వాడిది. వెంట్రుకంత పగులు కనబడ్డా ఎవరినీ లోపలికి రానివ్వడని పేరు.

సాయంత్రానికి శీను షిఫ్టు ముగించుకొని వచ్చాడు, రమేషన్న కాగజ్‌నగర్ నుంచి, సరిత హుజూరాబాద్ నుంచి పిల్లల్ని వెంటబెట్టుకొని దిగారు. అందరం కలిసి రేపు ఒకే బండిలో. చాయలు తాగుతుంటే ఎప్పటిలాగే మొదలైంది.

"దోమగా, ఒళ్లు చూపెట్టురా, బండెక్కకముందే తేల్చుకుందాం" అన్నాడు రమేషన్న. ఇల్లంతా ఘొల్లుమంది. శీను కూడా నవ్వుతూ చొక్కా గుండీ విప్పబోయాడు. పక్కనే కూర్చున్న వాడి చిన్న బిడ్డ మాత్రం నవ్వకుండా తండ్రి మొహంలోకి చూసింది.

నాకిక కూర్చోబుద్ధి కాలేదు. "వాడు కాదు. దోమ కుట్టిందను అని చెప్పింది నేను. శుక్రవారం నాడే చూసిన. పౌడరు కొట్టింది, చొక్కా తొడిగింది నేనే" అన్నాను.

సరిత చేతిలోని బిస్కట్టు చాయలో నాని విరిగి పడింది. ఆమె అది చూసుకోలేదు.

శీను కప్పు కింద పెట్టాడు. "నువ్వు చెప్పినవా అక్కా?" అన్నాడు. "నాకు యాదిలేదు. గింతమంది గిన్నిసార్లు అంటుంటే, నాకు నేనే అన్నట్టు యాదున్నది."

ఆరేళ్లవాడికి నేను చెప్పిన మాట వాడిలో మిగల్లేదు, తప్పు మాత్రం మిగిలిపోయింది.

చిన్నది తండ్రి మోకాలు పట్టి ఊపింది. "అయితే నువ్వు అబద్దం ఆడలేదా బాపూ?"

శీను దాన్ని ఒళ్లోకి లాక్కొని, విప్పిన గుండీ మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆడిన బిడ్డా. నోరు నాదే గద."